రెండుసార్లు హాస్టల్‌లో చేరిన కుర్రాడు

నవలలో కుర్రాడు మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి ఉస్మానియా హాస్టల్ గేటు చేరేసరికి 96 పేజీలు అయిపోయాయి. అసలు బస్సుకు ఆ దారి మూడు గంటలు కూడా పట్టదు. ఎం.ఏ. మొదటి సంవత్సరం కథ అని అట్ట మీద నమ్మబలికారు కదా, ఇకనైనా ఊపందుకుంటుందని ఓపిక పట్టాను.

రచయితకు చరిత్ర మీద మక్కువ ఎక్కువ. కుర్రాడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని అమ్మను తలచుకుని ఏడుస్తాడు. ఏడుస్తూనే, విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైందనీ, ఈ గులాబీ రంగు గ్రానైట్ భవనాన్ని నిజాం 1939లో ప్రారంభించారనీ గుర్తు చేసుకుంటాడు. అన్నీ నిజాలే. కానీ ఆ ఏడుపులో నాకు గైడు గొంతే వినిపించింది.

పోనీ, అది కూడా సరిపెట్టుకోవచ్చు. కుర్రాడు ఉదయం పదకొండింటికి లైబ్రరీకి వెళ్లి కిటికీ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంటాడు! గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లు తెల్లవారకముందే సంచీలు పెట్టి కాపలా కాసే చోట ఆ కుర్చీ ఎలా ఖాళీగా ఉందో రచయిత చెప్పలేదు. మెస్సులో పప్పు చిక్కగా ఉందని కూడా రాశాడు.

112వ పేజీలో కుర్రాడు ట్రంకుపెట్టె మంచం కిందికి తోసి, నిట్టూర్చి పడుకున్నాడు. పక్క పేజీలో మళ్లీ హాస్టల్ గేటు దగ్గర, అదే పెట్టెతో నిలబడి ఉన్నాడు. మళ్లీ అదే వాచ్‌మన్, అదే ప్రశ్న. సాహిత్యం తన సొత్తనుకునే మా బావమరిదికి చూపించాను.

"ఇది చక్రభ్రమణ శిల్పం బావా! వాడి శరీరం గేటు దాటింది, మనసు దాటలేదు" అన్నాడు.

"మరి పేజీ నంబరు కూడా మళ్లీ 97 ఎందుకు వేశారు?"

"అక్కడే ఉంది రచయిత ధైర్యం."

ధైర్యం బైండరుది. పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు కుట్టేసి, తర్వాతి ఫారం వదిలేశాడు. 113 నుంచి 128 వరకు లేవు. 129లో పరీక్షలు ముగిశాయి, ఎవరో అమ్మాయి కుర్రాడితో మాట్లాడటం మానేసింది. ఆ అమ్మాయి ఎప్పుడు మాట్లాడిందో తెలియకపోయినా కథకు ఏ లోటూ రాలేదు. నాకు అసలు నొప్పి అక్కడే.

అయినా అరవై రూపాయలు పెట్టి కొన్నది. ఆదివారం అబిడ్స్ వెళ్లి, మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరిచే ఆయనకు అప్పగించాను. ఆయన తిరగేసి చూసి, "అంత దూరం చదివారా సార్!" అన్నాడు. జాలో, గౌరవమో తేలలేదు. డబ్బు ఇవ్వనన్నాడు, కుప్పలోంచి మరో ప్రతి తీసిచ్చాడు.

ఇందులో ఫారాలన్నీ సరిగానే ఉన్నాయి. పాత యజమాని మొదటి ముప్పై పేజీల్లో పెన్సిల్‌తో గీతలు గీశాడు. ఆ తర్వాత విసుగొచ్చినట్టుంది, అంచుల్లో చాకలి పద్దు రాసుకున్నాడు. చొక్కాలు నాలుగు, వచ్చాయి. లుంగీలు రెండు, వచ్చాయి. గళ్ల దుప్పటి ఒకటి, రాలేదు. పై వారం కూడా రాలేదు. "రేపు గట్టిగా అడగాలి" అని కింద రాసి, రెండు గీతలు గీశాడు. ఆ దుప్పటి ఏమైందో తెలుసుకోవాలని నవల చివరి పేజీదాకా ఒక్క అంచూ వదలకుండా చూశాను.