ఫ్యామిలీ కోర్టు కాగితం పది రూపాయలకు రాదు

వారం తిరక్కముందే ఒకే మెసేజీ నాకు ఏడు దిక్కుల నుంచి వచ్చింది. మా వీధి గ్రూపులో ఒకసారి, పెళ్లి సంబంధాల గ్రూపుల్లో నాలుగైదుసార్లు, చివరికి పీలేరు నుంచి మా మేనమామ నేరుగా నాకే పంపించి ఫోన్ చేశాడు. "కోర్టుల్లోనే పడుంటావు కదప్పా, ఇది నిజమేనా? మన పాపకు చూసిన అబ్బోడికి ఇది రెండో పెళ్లంట. నువ్వే ఫోన్లో కొట్టి చూసి చెప్పల్ల" అన్నాడు. నేను వకీలు గుమస్తాను. ఇరవై రెండేళ్లుగా చిత్తూరు, తిరుపతి కోర్టుల చుట్టూ కేసు కట్టలు మోస్తున్నాను. మామకు చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ మెసేజీ ఏమంటుందో చూడండి. "పెళ్లి సంబంధం చూసేవాళ్లు తప్పక చదవండి. అవతలివాళ్లకు విడాకుల కేసు ఉందో లేదో ఫోన్లో పేరు కొడితే వచ్చేస్తుంది. రాలేదంటే లేనట్టే. ఉంటే ఫ్యామిలీ కోర్టుకు పది రూపాయల ఆర్టీఐ పెట్టండి, 30 రోజుల్లో ఫైలంతా ఇచ్చి తీరాలి. కోర్టు రికార్డు పబ్లిక్ డాక్యుమెంటు, ఎవరైనా చూడొచ్చు. తిరుపతివాళ్లయితే తిరుపతి కోర్టులో చూస్తే చాలు. నోటరీ విడాకుల పత్రం ఉంటే కోర్టు కాగితం అక్కర్లేదు. పదిమందికి పంపండి."

పంపినవాళ్ల బుద్ధి చెడ్డదని నేననను. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు కడుపులో ఉండే గుబులు ఎలాంటిదో నాకూ తెలుసు, నాకూ ఇద్దరు ఆడపిల్లలు. కానీ ఆ ఆరు వాక్యాల్లో ఒక్కటీ నికరంగా నిలబడదు.

పేరు కొడితే వస్తుందా? ఈ-కోర్ట్స్ అనే సర్కారీ సైటు ఉన్న మాట నిజం. పైసా ఖర్చు లేదు, పార్టీ పేరుతో వెతకొచ్చు. దాన్ని కట్టినవాళ్లకు నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను, వాయిదా తేదీ కోసం బెంచ్ క్లర్కు చుట్టూ తిరిగే పని తగ్గింది. అయితే అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. మునిరత్నం అన్న పేరే తీసుకోండి, మన జిల్లాలో రాయి వేస్తే ఒక మునిరత్నానికి తగులుతుంది. ఒక వకీలు 'త' పక్కన హెచ్ పెడతాడు, ఒకరు పెట్టరు, నగరి, పుత్తూరు వైపు తమిళ వాసన తగిలినవాళ్లు మధ్యలో ఒక ఐ దూరుస్తారు. ఇనీషియల్ ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక ఉంటుంది. పిటిషన్ టైపు చేసినవాడు ఎలా కొట్టాడో అలాగే సైటుకెక్కుతుంది. దానికి తోడు సంవత్సరం ఇవ్వాలి. పెండింగ్ అన్న చోటే ఉంచి వెతికితే ముగిసిపోయిన కేసు కనబడనే కనబడదు. కంప్యూటర్లు రాకముందు తేలిపోయిన పాత కేసుల సంగతి సరేసరి. ఇన్ని జల్లెళ్లు దాటి పేరు రాలేదంటే దానర్థం 'రాలేదు' అనే తప్ప 'లేదు' అని కాదు.

ఇంకో చిక్కుంది. ఏ కేసు కోసం వెతుకుతున్నామో తెలియాలి. తిరుపతి ఫ్యామిలీ కోర్టులో విడాకుల పిటిషన్ ఎఫ్.సి.ఓ.పి. అవుతుంది. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో అదే పిటిషన్ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్.ఎం.ఓ.పి.గా పడుతుంది. మనోవర్తి కేసు ఎం.సి., పిల్లల కస్టడీ జి.డబ్ల్యు.ఓ.పి., గృహహింస కేసు మేజిస్ట్రేటు దగ్గర డి.వి.సి. ఒకే భార్యాభర్తల గొడవ నాలుగు కోర్టుల్లో నాలుగు నంబర్లతో నడవడం మాకు నిత్యకృత్యం. ఒకటి చూసి అయిపోయిందనుకుంటే ఎట్లా?

పేరు దొరికినా గండమే. పోయినేడాది చంద్రగిరి వైపు ఒక పెళ్లికూతురు అన్న, కాబోయే బావ పేరు కొట్టి 'పెటిషనర్' అని చూసి ఇంట్లో పొయ్యి వెలగనివ్వలేదు. లగ్నపత్రిక ఆగిపోయింది. నా దగ్గరికి తెస్తే చూశాను, అది ఎం.వి.ఓ.పి. ఆ అబ్బాయి బైకును లారీ గుద్దితే నష్టపరిహారం కోసం వేసుకున్న కేసు. పాపం, కాలు విరిగినవాడికి విడాకులు అంటగట్టారు. అది కూడా అతనే అని తేలింది కాబట్టి సరిపోయింది. అదే పేరు, అదే ఇనీషియల్ ఉన్న ఇంకొకడై ఉంటే? సైటులో ఫొటో ఉండదు, పుట్టిన తేదీ ఉండదు.

జిల్లా పేరు దగ్గర కూడా తడబడతారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కదా అని సైటులో తిరుపతి జిల్లా కోసం వెతుకుతారు. రెవెన్యూ జిల్లా విడిపోయిన రోజే కోర్టులు విడిపోవు. పాత కేసుల కోసమైతే చిత్తూరు కింద చూడాల్సిందే.

ఇక పది రూపాయల ఆర్టీఐ. ఇది మెసేజీ మొత్తానికి మకుటం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, కోర్టుల్లోనూ దానికి అధికారి ఉంటారు. ఎన్ని కేసులు పెండింగ్ ఉన్నాయి, ఎన్ని పోస్టులు ఖాళీ ఉన్నాయి అని అడగండి, చెబుతారు. కేసు ఫైల్లోని కాగితం మాత్రం వేరే దారి. 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది: కోర్టు కాగితాల నకళ్లకు హైకోర్టు తన నిబంధనల్లో దారి పెట్టినప్పుడు ఆ దారినే రావాలి, ఆర్టీఐ పట్టుకుని పక్కదారిన రాకూడదు. కేసుకు సంబంధం లేని మూడో మనిషి అయితే తనకెందుకు కావాలో అఫిడవిట్ వేసి చెప్పుకోవాలి, ఇవ్వాలో వద్దో కోర్టు చూస్తుంది. మన దగ్గరా అంతే. కేసులో పార్టీ అయితే కాపీ అప్లికేషన్ వేసి తీసుకోవచ్చు, బయటివాడైతే కారణం చూపి జడ్జిగారి ఆర్డరు తెచ్చుకోవాలి. 'సంబంధం చూస్తున్నామండీ' అన్నది ఎంత బలమైన కారణమో మీ వకీలునే అడగండి. నేనైతే ఇంతవరకు ఆ కారణంతో ఆర్డరు తెచ్చినవాడిని చూడలేదు.

పబ్లిక్ డాక్యుమెంటు అన్న మాటలో సగం నిజముంది, సగం నిజం ఎప్పుడూ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మామూలు సివిల్ తీర్పు పబ్లిక్ డాక్యుమెంటే. కానీ సాక్ష్య చట్టం కూడా, పాతదైనా 2024 జూలై 1న వచ్చిన కొత్తదైనా, 'చూసే హక్కు ఉన్నవాడికి' నకలు ఇవ్వాలి అంటుంది. ఆ హక్కు అందరికీ ఉందని అనలేదు. పైగా విడాకుల కేసుకు ప్రత్యేకంగా గోడ కట్టారు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ తలుపులు మూసే జరగాలి, అందులోని సంగతులు అచ్చు వేయడం, ప్రచురించడం నేరం. వెయ్యి రూపాయల దాకా జరిమానా. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకే, అదీ ఆ కోర్టు అనుమతితో, మినహాయింపు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కూడా, ఇద్దరిలో ఒక్కరు అడిగినా తలుపులు మూసి విచారించాల్సిందే అంటుంది. కాబట్టి ఎవరి పిటిషనో ఫొటో తీసి 'వీడి సంగతి చూడండి' అని గ్రూపులో పెట్టే పెద్దమనిషి ముందు తన సంగతి చూసుకోవడం మంచిది. ఆ పిటిషన్లలో ఏముంటుందో నేను టైపు చేయించినవాణ్ణి, నాకు తెలుసు. కోపంలో రాసినవి, వకీలు ఉప్పూకారం దట్టించినవి, తర్వాత రాజీ అయిపోయి ఇద్దరూ మర్చిపోదామనుకున్నవి.

తిరుపతివాళ్ల కేసు తిరుపతిలోనే ఉంటుందన్నది చూసి నవ్వొచ్చింది. విడాకుల పిటిషన్ పెళ్లి జరిగిన చోట వేయొచ్చు, అవతలివాళ్లు ఉంటున్న చోట వేయొచ్చు, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోట వేయొచ్చు. భార్య వేసేదైతే 2003 సవరణ తర్వాత ఆమె ఉంటున్న చోటైనా సరే. ఇప్పుడు చెప్పండి, కొండమీద పెళ్లి చేసుకున్న జంటలు ఏయే ఊళ్లవాళ్లు? వరంగల్ అబ్బాయి, నెల్లూరు అమ్మాయి, ఇద్దరికీ తిరుపతిలో బంధువనేవాడు లేడు. మూడు ముళ్లు తిరుమలలో పడ్డాయి కాబట్టి కేసు ఇక్కడ వేసుకోవచ్చు. అదే తిరుపతిలో పుట్టి పెరిగిన పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే వేస్తుంది. చిత్తూరు నుంచి ఆడపిల్లను వేలూరుకు ఇచ్చినవాళ్ల కేసు తమిళనాడులో నడుస్తుంటుంది. ఏ రాష్ట్రంలో వేసినదైనా సుప్రీంకోర్టుకెళ్లి వేరే రాష్ట్రానికి మార్పించుకోవచ్చు కూడా. ఊరు పేరు చూసి కోర్టును ఊహించలేం.

నోటరీ పత్రం గురించి రెండే మాటలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ఇకమీదట మా ఇద్దరికీ సంబంధం లేదు' అని రాసి, పెద్దమనుషులు సంతకాలు పెట్టి, నోటరీ ముద్ర కొట్టిస్తే విడాకులు అయిపోవు. అనాదిగా ఆచారంలో విడాకులున్న కులాలకు హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ చోటిచ్చిన మాట వాస్తవమే. ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది కష్టం. మొదటి పెళ్లి చట్టం దృష్టిలో బతికే ఉంటే రెండోది చెల్లదు, అంతే.

మరి కాగితం ఎలా? ఈ గోల అంతటిలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. విడాకులిచ్చిన కోర్టు తన డిక్రీ (విడాకులు మంజూరైనట్టు తేల్చే కోర్టు ఉత్తర్వు) కాపీని ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే మీరు వెతుకుతున్న కాగితం ఆ అబ్బాయి బీరువాలో ఉండాలి. లేకపోతే తెచ్చుకునే హక్కు అతనికి ఉంది.

తెచ్చుకోవడం అంత కష్టమూ కాదు, అంత తేలికా కాదు. పుత్తూరు దగ్గర నుంచి ఒకామె వచ్చింది. పాస్‌పోర్టుకు 2009 నాటి డిక్రీ కావాలట. ఆ రోజు కాపీ తీసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వకీలు పోయారు. కేసు నంబరు తెలియదు. ఇంట్లో రేకుల పెట్టెలో సమన్ల కాగితం దొరికింది కానీ నంబరున్న చోట చెదలు తినేసి సంవత్సరం మాత్రం మిగిల్చింది. సైటులో రాలేదు. చివరికి ఆ వకీలుగారి కొడుకు ఇంటి అటక మీద నుంచి పాత డైరీలు దింపించాం. వకీలు డైరీలో ప్రతి వాయిదాకీ నంబరుంటుంది. మూడో డైరీలో దొరికింది. దుమ్ముకు ఆమె తుమ్ముతూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

నంబరు చేతికొస్తే తర్వాత వరస తెలిసిన పనే. కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీ అప్లికేషన్ వేయాలి. దానికో నంబరు పడుతుంది, దాన్ని రాసుకుని దాచుకోండి. తర్వాత ఎన్ని పేజీలు, ఎంత చార్జీ అని నోటీసు బోర్డు మీద పెడతారు. అసలు జనం బోల్తా పడేది ఇక్కడే. అప్లికేషన్ ఇచ్చి ఇంటికెళ్లి పిలుస్తారని కూర్చుంటారు. ఎవరూ పిలవరు. గడువులోపల చార్జీ కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి. బోర్డు రోజూ చూడాలి, లేదా చూసే గుమస్తా ఉండాలి. గేటు బయట 'మూడు వేలిస్తే సాయంత్రానికి తెచ్చిస్తా' అనేవాడు చేసేదీ ఇదే బోర్డు చూడటమే. ఇంకేమైనా చేస్తున్నాడంటే ఆ కాగితం మీరు ముట్టుకోకపోవడమే మేలు. వకీలును పెట్టుకునే స్తోమత లేని ఆడవాళ్లు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా సరే. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

నిజమైన సర్టిఫైడ్ కాపీని గుర్తుపట్టాలంటే వెనక్కి తిప్పండి. అప్లికేషన్ వేసిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ, ఐదూ వరసగా ఉంటాయి, కోర్టు ముద్ర ఉంటుంది. అప్పీలు గడువు లెక్కలో కాపీ కోసం పట్టిన రోజులు మినహాయించాలి గనుక ఆ తేదీలకు అంత విలువ. ముందు పేజీలో సీఎన్ఆర్ నంబరు, అంటే సైటులో ఒక్కో కేసుకు విడిగా ఉండే నంబరు, ఉంటే ఇంకా మంచిది. పదహారు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి, మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి రెండూ జిల్లా, చివరి నాలుగు అంకెలూ సంవత్సరం. అది కొడితే స్పెల్లింగ్ తంటా లేకుండా నేరుగా ఆ కేసే తెరుచుకుంటుంది. ఫోన్లో వెతకడం పనికొచ్చేది ఇక్కడ, కాగితం చేతికొచ్చాక.

మామతో ఇదే అన్నాను: "వాణ్ణే అడుగు మామా."

"బాగుండదేమోనప్పా. కాణిపాకంలో ప్రమాణం చేయించేద్దామా?"

"ప్రమాణం ఎందుకు, డిక్రీ తెమ్మను. కాణిపాకంలోనే కలుద్దాం, దర్శనమూ అవుతుంది."

అబ్బాయి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. అడుగుతారని ముందే అనుకున్నాడట, ఎవరూ అడక్కపోతే తనే ఎట్లా తీయాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడట. మామ కళ్లజోడు పైకి తోసి ముందు పేజీ చదవలేదు, నేను చెప్పినట్టు వెనక్కి తిప్పి ఐదు తేదీలూ వేలు పెట్టి లెక్కపెట్టాడు. సీఎన్ఆర్ కొట్టాను, డిస్పోజ్డ్ అని, అంటే కేసు ముగిసిందని వచ్చింది. అప్పీలు గడువు ముగిస్తే గానీ రెండో పెళ్లి కుదరదని, ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు ఉందని, మా సీనియర్ ఎప్పుడూ పెద్ద లెక్కే చూసుకోమంటారని చెప్పాను.

"అయితే తొంభై వేసి చూడు" అన్నాడు మామ. వేశాను. దాటి నలభై రోజులైంది. మామ కాగితం మడతపెట్టి కవర్లో పెట్టి అబ్బాయి చేతికే తిరిగిచ్చాడు, ఫొటో తీసుకోలేదు.