"కేవలం పదిహేను నిమిషాలు" గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ "కేవలం పదిహేను నిమిషాలు" గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదులో సొంత ఇంటి కోసం ఏడాదిన్నరగా తిరుగుతున్న ఒక అద్దె ఇంటి సంసారి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. అక్కడ, అంటే ఇళ్లు అమ్మే కంపెనీ వారి రంగు బ్రోచరు మూడో పేజీలో, తమరూ క్షేమమని తలుస్తాను. నేను తమరిని మొదటిసారి చూసింది ఒక ఆదివారం పత్రిక మొదటి పేజీలో. ఎక్కడా కనిపించనంత పచ్చటి చెట్ల మధ్య నిలబెట్టిన ముప్పై అంతస్తుల బొమ్మ కింద, ఇంటి ధర కన్నా పెద్ద అక్షరాలతో వెలిగిపోతూ ఉన్నారు. ఆ తరువాత కొల్లూరు వెళితే అక్కడా తమరే, తెల్లాపూర్ వెళితే అక్కడా తమరే; బాచుపల్లి, మోకిల, ఆదిభట్ల, శామీర్‌పేట, ఎక్కడ కారు దిగినా స్వాగతం పలికింది తమరే. పడమటి వారికి గచ్చిబౌలి, దక్షిణాది వారికి శంషాబాద్ విమానాశ్రయం, ఈ రెండూ బొత్తిగా కుదరని వారికి ఔటర్ రింగ్ రోడ్డు: గమ్యం మారుతుందే తప్ప తమరు మారరు.

ఔటర్ విషయంలో తమరు అబద్ధమాడారని నేను అనను. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున మొలతాడులా చుట్టిన ఆ రోడ్డుకు ఎవరైనా ఎక్కడో ఒకచోట దగ్గరగానే ఉంటారు. చిక్కల్లా మేము ఉద్యోగాలు చేసేది మొలతాడు మీద కాదు, దాని లోపల అన్నదే. ఔటర్ దిగిన తరువాత మొదలయ్యే అసలు ప్రయాణానికి బ్రోచరులో చోటు చాలలేదని మార్కెటింగ్ కుర్రాడు చెప్పగా, ఈత కొలనుకు రెండు పేజీలు వాడినందువల్ల కాబోలునని మా ఆవిడ అన్నది.

తమరి మాట పరీక్షించకుండానే నింద వేశానని అనుకోవద్దు. కొల్లూరు ఫ్లాటు చూపించడానికి ఆ కుర్రాడే ఒక ఆదివారం ఉదయం ఏడింటికి ఉచితంగా కారు పంపించాడు. ఖాళీ రోడ్డు మీద ఆ కారు ఎగిరినంత పని చేసి, గచ్చిబౌలి నుంచి పదిహేడు నిమిషాల్లో సైటు ముందు దింపింది. మిగిలిన రెండు నిమిషాలూ మేడమ్ గారు సీటు బెల్టు పెట్టుకోవడంలో పోయాయని అతను వినయంగా వివరించాడు. ఎందుకైనా మంచిదని మరునాడు సోమవారం, ఎనిమిదీ నలభైకి, అదే దారిలో, నా స్కూటరు మీద కొల్లూరు నుంచి బయలుదేరాను. పసుపు రంగు స్కూలు బస్సులు ఎడమ పక్క, నీళ్ల ట్యాంకరు కుడి పక్క, ఎదురుగా రాంగ్ రూటులో వస్తూ నన్నే కోపంగా చూస్తున్న ఒక పెద్దమనిషి; నా ముందున్న కాంక్రీటు మిక్సరు లారీకి డ్రమ్ము తిరుగుతున్నది గానీ చక్రాలు తిరగడం లేదు. ఆ డ్రమ్ములో కలుపుతున్నది బహుశా తమరి కొత్త టవరు పన్నెండో అంతస్తు స్లాబు కోసమే అయి ఉంటుంది. గచ్చిబౌలి చేరేసరికి గంటా పది నిమిషాలు పట్టింది.

చట్టం దృష్టిలో మాత్రం తమరు నిర్దోషులు. ప్రకటనలో తప్పుడు మాట చెప్పి కొనుగోలుదారును నష్టపరిస్తే పరిహారం చెల్లించాలని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అదే రెరా, పన్నెండో సెక్షను చెబుతున్నది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో కూడా ఆ చట్టమే గోడల మధ్య కొలిచి నిర్వచించింది. చదరపు అడుగుకు నిర్వచనం ఇచ్చిన ఆ మహానుభావులు నిమిషానికి ఇవ్వడం మరిచిపోయారు. ఏ వారం, ఏ గంట, ఏ వాహనం అన్నది తమరు ఎక్కడా రాసివ్వలేదు కనుక, అర్ధరాత్రి అంబులెన్సులో వెళ్లి చూసుకోమని తమరు వాదిస్తే కాదనగల న్యాయవాది ఎవరు?

తమరి తమ్ముడు "ప్రతిపాదిత" గారిని కూడా ఒకసారి స్మరించుకోవాలి. ఆయన తోడు లేకుండా తమరు బయటకు రారు కదా. ప్రతిపాదిత వంద అడుగుల రోడ్డు, ప్రతిపాదిత ఆసుపత్రి, ముఖ్యంగా ప్రతిపాదిత మెట్రో స్టేషను. 2017 నవంబరులో మియాపూర్, నాగోలుల మధ్య తొలి రైలు నడిచినప్పుడు అందరితో పాటు నేనూ సంబరంగా ఎక్కినవాణ్ణే. ఆ రైలు పడమట రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. ఇటు పాతబస్తీలోని ఫలక్‌నుమా వరకూ వెళ్లవలసిన జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) లైను 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వచ్చి ఆగింది. ఆ అయిదారు కిలోమీటర్ల కోసం పాతబస్తీ ఎన్నేళ్లు ఎదురు చూసిందో ఎరిగినవాడెవడూ బ్రోచరులోని చుక్కల గీత పక్కన ఫ్లాటు కొనడు. మేము కొనబోయాము. ఎందుకంటే 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ భూముల వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది మొదలు, ఆ చుట్టుపక్కల గేదెలు పడుకునే జాగా కూడా "కోకాపేట పక్కనే" అయిపోయింది. ఇవాళ కొనకపోతే రేపు ఆ గేదెల కన్నా వెనుక వరుసలో నిలబడవలసి వస్తుందన్న భయం మాకు పట్టుకుంది.

గేదెల ప్రస్తావన ఊరికే తేలేదు. తమరి మాట నమ్మి చూడబోయిన ఒక లేఅవుటులో, నలభై అడుగుల రోడ్డు చివర, నడుము లోతు గడ్డిలో ఒక రాయి కనిపించింది. మట్టి తుడిచి చూస్తే తెల్ల రంగు మీద "ఎఫ్‌టీఎల్" అన్న అక్షరాలు సగం చెరిపి ఉన్నాయి. చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దుకు అది గుర్తని తరువాత తెలిసింది. అదేమిటని అడిగితే అది సర్వే వాళ్ల పాత రాయని, పట్టించుకోనక్కర లేదని కుర్రాడు అన్నాడు. పక్కనే గేదెలు కాస్తున్న ముసలాయన మాత్రం చేతికర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్ని జాలిగా చూశాడు. "ఇది చెర్వు శికం సారూ. వానలు గట్టిగ కొడితె నీళ్లు ఆ కరెంటు స్తంభం దాంక వస్తయ్" అన్నాడు. స్తంభం మేము చూస్తున్న ప్లాటుకు ఇరవై అడుగులు అవతల ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఈ నగరంలో కాలనీలకు కాలనీలు ఎలా మునిగాయో, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చెరువు హద్దుల్లో లేచిన గోడలు ఎలా కూలాయో చూసిన వాళ్లం గనుక, మేము ఆ పెద్దమనిషికి దండం పెట్టి వెనుదిరిగాము. నల్లకుంట, మాసాబ్ ట్యాంక్, తలాబ్ కట్టా అంటూ పాతవాళ్లు కనీసం పేరులోనైనా నీళ్లు ఉంచి వెళ్లారు. ఇప్పటి వెంచర్లకు ఇంగ్లీషు తోటల పేర్లు పెడుతున్నందున, అక్కడ చెరువు ఉండేదని తెలియాలంటే గేదెలనే నమ్ముకోవాలి. కారు దిగినది మొదలు తిరిగి ఎక్కేదాకా, తమరు అక్కడికి ఎంత దూరమో తప్ప అక్కడ ఏముందో చెప్పనే లేదు.

మంజీరా నీళ్ల సంగతి, ఈశాన్యం పెరిగిందా తరిగిందా అని మా మామగారు దిక్సూచితో చేసిన పరిశోధన, తమరి పరిధిలోవి కావు కనుక వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం మనవి చేసుకుంటాను. ఎవరూ సలహా ఇవ్వకపోయినా మేము నగరం ఆ చివర నుంచి ఈ చివరకు, తూర్పున ఉన్న నాగోలుకు వెళ్లి చూశాము. మా ఆవిడ ఆఫీసు రాయదుర్గంలో. మధ్యలో సుమారు 29 కిలోమీటర్ల మెట్రో. గంట అటూ ఇటూ పడుతుంది. బంధువులందరూ నవ్వారు, పదిహేను నిమిషాలు వదిలి గంట కొనుక్కునే వెర్రివాళ్లు ఉంటారా అని. కానీ ఆ గంట సోమవారమూ గంటే, వాన పడినా గంటే. నిలబడైనా సరే, పుస్తకం చదువుకునే గంట. పదిహేను నిమిషాలని చెప్పి డెబ్బై నిమిషాలు తినే తమరి కన్నా, గంట అని చెప్పి గంటే తీసుకునే రైలు మాకు మర్యాదస్థురాలిగా తోచింది.

నాగోలులో ఒక చిన్న అపార్టుమెంటు దగ్గర మేస్త్రీ లాంటి మనిషి ఎదురొచ్చి, "మెట్రో పదిహేను నిమిషాలే సార్" అన్నాడు. నా గుండె గుభేలుమన్నది. కారులోనా అని అడిగాను. నడకే అన్నాడు. వాచీ చూసుకుని ఇద్దరమూ నడిచాము. దారిలో మా ఆవిడ నిమ్మసోడా తాగడానికి ఆగినా, మెట్లు ఎక్కేసరికి పద్నాలుగు నిమిషాలు. ఏడాదిన్నర వెతుకులాటలో తమరి దర్శన భాగ్యం కలిగింది అప్పుడే. స్వయంగా, చెప్పుల మీద నడిచి వచ్చారు.

ఆ ఆనందంలో వెనక్కి వచ్చి, అన్నీ మంచివే అడిగితే ఎలాగని, ఇక్కడికి మూసీ ఎంత దూరమని కూడా అడిగాను.

"అబ్బో, మూసీ చాలా దూరం సార్" అన్నాడు. ఇంతలో గాలి తిరిగింది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఇంకా అద్దె ఇంటి నుంచే.