ఇన్వర్టర్ ఉందిగా అంటారు!

నాలుగు చినుకులు పడ్డాయో లేదో, మాకు కరెంటు పోతుంది. ఇన్వర్టర్ ఉందిగా అంటారు ఇంట్లో. ఫ్యానుకు సరే, అది బ్యాటరీకి మారే రెప్పపాటులోనే ఫైళ్లు దాచుకునే కంప్యూటర్, అదే నా ఫైల్ సర్వర్, గుటుక్కుమంటుంది! రాసేశానని డిస్కు చెప్పిన డేటా ఒక్కోసారి ఇంకా దాని క్యాష్‌లోనే, అంటే తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, కరెంటుతో పాటే గాల్లో కలుస్తుంది. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేలా మిర్రర్‌లో పెట్టావుగా అంటాడు తమ్ముడు. ఒరేయ్, ఒక డిస్కు పాడైతే మిర్రర్ కాపాడుతుంది గానీ, కరెంటు పోతే రెండూ ఒకేసారి ఆగుతాయి కదరా! మొన్న, చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే జర్నల్ పుణ్యమా అని ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ల అమరిక) బతికింది, సగం కాపీ అయిన అక్క పెళ్లి వీడియో మాత్రం తెరుచుకోలేదు.

చివరికి, సర్వర్ ఆగిపోనంత వేగంగా బ్యాటరీ కరెంటు అందించే యూపీఎస్ కొన్నా. బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా యూఎస్‌బీ కేబుల్ కూడా తగిలించా. రాత్రి కరెంటు పోయి యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుంటే, నిద్ర పాడవుతోందని నాన్న లేచి బటన్ నొక్కి దాన్నే ఆపేశారు.