ఫొటో కింద లేని పేరు

చుట్టూ కమ్మేసిన పొగ. ఆ పొగలో పిడికిలి ఎత్తి నిలబడ్డ ఒక విద్యార్థిని. 2017 డిసెంబర్ 30న టెహ్రాన్ యూనివర్సిటీలో తీసిన ఈ ఫొటోను ప్రపంచమంతా చూసింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ దాన్ని పత్రికలకు పంపినప్పుడు, తమ సంస్థలో పనిచేయని ఒక వ్యక్తి తీశారని, ఇరాన్ వెలుపల తమ చేతికి అందిందని మాత్రమే రాసింది. తీసిన మనిషి పేరు వేయలేదు. వేస్తే ఆ మనిషికి ప్రమాదం.

ఆ ఫొటో తీసింది ఇరాన్ ఫొటో జర్నలిస్టు యల్దా మొయేరి. ఇరాన్ విప్లవానికి 40 ఏళ్లు నిండిన 2019 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అక్కడి పాలకులను తిడుతూ అదే ఫొటోను ట్వీట్ చేశారు. అప్పటిదాకా చాటున ఉన్న మొయేరి ఇక ఊరుకోలేదు. ఆ ఫొటో తనదని, తన పనిని ఇలా వాడుకోవడం తనకు ఇష్టం లేదని బాహాటంగా చెప్పారు. తన దేశంలో ఉంటూ అలా బయటపడటానికి ఎంత గుండె ధైర్యం కావాలి! తనను అణచే ప్రభుత్వానికి తలవంచని ఆమె, ఆ ప్రభుత్వపు శత్రువు చేతిలో పోస్టర్ కావడానికీ ఒప్పుకోలేదు. స్వేచ్ఛ అంటే మాకు అర్థమైనంతలో ఇదే.

2022 సెప్టెంబర్‌లో, హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని పట్టుకున్న మహ్సా అమీనీ అనే యువతి పోలీసుల కస్టడీలో ఉండగా ప్రాణాలు కోల్పోతే జనం వీధుల్లోకి వచ్చారు. మొయేరి మళ్లీ కెమెరా పట్టుకుని వెళ్లారు. అమీనీ చనిపోయిన మూడు రోజులకే అరెస్టయ్యారు. తర్వాత ఆరేళ్ల జైలు శిక్ష పడింది.

ఇది బెదిరింపుతో ఆగే వ్యవహారం కాదు. ఇరానియన్-కెనడియన్ ఫొటో జర్నలిస్టు జహ్రా కజెమీ 2003 జూన్‌లో టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు బయట, లోపల ఉన్న విద్యార్థుల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలను ఫొటోలు తీశారు. అక్కడే పట్టుకున్నారు. జులైలో ఆమె చనిపోయారు. స్ట్రోక్ వచ్చిందని మొదట అన్న అధికారులు, తలకు తగిలిన దెబ్బ వల్లేనని తర్వాత ఒప్పుకున్నారు. కేసులో విచారణ ఎదుర్కొన్న ఒకే ఒక్క గూఢచార అధికారి 2004లో నిర్దోషిగా బయటికొచ్చాడు.

వీధిలో కెమెరా ఎత్తలేని రోజులొస్తే ఏం చేయాలి? నూషా తవకోలియన్ పదహారేళ్లకే పత్రికల్లో ఫొటోగ్రాఫర్‌గా చేరారు. 2009 ఇరాన్ అధ్యక్ష ఎన్నికల గొడవల తర్వాత వార్తల ఫొటోలు తీయడం కష్టమైపోయింది. ఆమె కెమెరాను గాయనుల వైపు తిప్పారు. ఇరాన్‌లో ఆడవాళ్లు మగవాళ్లున్న సభలో ఒంటరిగా పాడకూడదు, సొంత ఆల్బమ్ విడుదల చేయకూడదు. తవకోలియన్ అలాంటి గాయనులను మెరుపుల తెర ముందు నిలబెట్టారు. కళ్లు మూసుకుని, నోరారా పాడుతున్నప్పుడు తీశారు. వాళ్ల ఆల్బమ్‌లు నిజంగా వస్తే ఎలా ఉంటాయో ఊహించి సీడీ కవర్లు తయారుచేశారు. కవర్ తెరిస్తే లోపల సీడీ ఉండదు. ఖాళీ. నిషేధం ఎలా ఉంటుందో ఇంతకన్నా సూటిగా చూపించిన పని మేం చూడలేదు. ఇందులో ఒక్క నినాదం లేదు, ఒక్క పోలీసు లేడు. పాడాలని ఉన్న మనుషులు మాత్రం ఉన్నారు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇరాన్ నుంచి ఫొటో వస్తే పిడికిలి ఉందా, మంట ఉందా అని చూసి పేజీలో పెడతాం. తీసిన మనిషి మర్నాడు ఇంట్లో ఉందా, జైల్లో ఉందా అని ఎన్నిసార్లు అడిగాం? 1979 మార్చి 8న, తలపై ముసుగు తప్పనిసరి చేయొద్దంటూ వేలాది మహిళలు మంచులో టెహ్రాన్ వీధుల్లో నడిచారు. హెంగామె గోలెస్తాన్ వాళ్ల మధ్యే తిరుగుతూ ఫొటోలు తీశారు. అవి 2015లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చాయి. మధ్యలో 36 ఏళ్లు.

ఫొటోలు తీసినందుకు పెట్టిన కేసులన్నిటినీ ఇరాన్ ప్రభుత్వం ఎత్తేయాలి. ఆ మాట ప్రతి దేశమూ, మన దేశమూ ఆ ప్రభుత్వం ముఖం మీదే చెప్పాలి. మా వంతుగా ఒకటి చేస్తాం. అక్కడి నుంచి వచ్చే ఫొటో కింద ‘ఏజెన్సీ’ అని రాసి వదిలేయం. పేరు చెప్పగలిగితే చెబుతాం, చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేకపోతున్నామో ఆ ఫొటో కిందే రాస్తాం.