చేతికొచ్చేదెంత? జీతం స్లిప్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జీతం స్లిప్పు గారికి,

ఉభయకుశలోపరి. మా కుశలమంతా తమరి అడుగున, 'నెట్ పే' అనే గడిలో ఉంటుంది. నెల తిరగ్గానే అందరూ ముందు ఆ గడి చూస్తారు. అందులో అంకె, బ్యాంకు మెసేజ్‌లో అంకె ఒకటే అయితే తమరిని మూసేస్తారు. ఇన్నేళ్లుగా తమరి ధీమా అంతా అదే కదా.

మాకో ఫిర్యాదు ఉంది. తమరి కుడి పక్క 'డిడక్షన్స్' వరసలో పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), పీటీ (వృత్తి పన్ను), టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టే ఆదాయపు పన్ను), ఎల్ఓపీ (సెలవులు మించితే పోయే జీతం) అంటూ రెండు మూడు అక్షరాల పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. వీరిలో ఒకరు మా డబ్బు మా పేరునే దాస్తారు. ఒకరు తీసుకుని తిరిగి చూడరు. ఒకరు ఏడాది చివర లెక్క తేల్చుకుందాం రమ్మంటారు. ఒకరి విషయంలో ఆ జీతం అసలు పుట్టనే లేదు. అందరినీ ఒకే సైజు అక్షరాల్లో ఒకే వరసలో కూర్చోబెట్టి కింద 'మొత్తం కోతలు' అని కూడిక వేస్తారు తమరు. ఆ కూడిక దేనికి పనికొస్తుందో వేసినవారికే తెలియాలి.

పైగా అసలు కోత తమరి దాకా రాకముందే అయిపోతుంది. ఆఫర్ లెటర్‌లో సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) ఏడాదికి 6 లక్షలు అన్నారనుకోండి, నెలకు 50,000. బేసిక్, అంటే మూల వేతనం, 25,000. ఆ 50,000లోంచి కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ పేరుతో బేసిక్ మీద 4.81 శాతం, అంటే సుమారు 1,202, ముందే పక్కకు పోతాయి. తమరి ఎడమ పక్క 'గ్రాస్' గడికి చేరేది 46,998. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 44,998. అయిదు వేలు ఏమయ్యాయని అడిగితే తమరు రెండు వేలకే జవాబు చెబుతారు. మిగతా మూడు వేలు తమరి కాగితం మీద కనబడనే కనబడవు.

గ్రాట్యుటీ గారి 4.81 శాతం ఎక్కడిదంటే, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం, నెలకు 26 పనిరోజుల లెక్కన. 15ని 26తో, మళ్లీ 12తో భాగిస్తే వచ్చేది అదే. పర్మనెంటు ఉద్యోగి మామూలుగా అయిదేళ్లు నిలిస్తేనే ఇచ్చే డబ్బును మొదటి నెల నుంచే 'నీ జీతం' అని చూపించడం మాత్రం సీటీసీ గారి ప్రతిభ.

స్పెషల్ అలవెన్స్ అనే పెద్దమనిషి సంగతి ఒక్క మాటలో: మిగతావన్నీ పంచాక మిగిలింది. బేసిక్ తక్కువ పెట్టి ఇందులో కుక్కేస్తే పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గుతాయి కాబట్టి ఇది ఏళ్ల తరబడి లావెక్కింది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్కలోంచి తప్పించడం కుదరదని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ఇంకో మెలిక పెట్టింది: మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనం కిందే లెక్క. కాబట్టి బేసిక్ 30 శాతం దగ్గర ఆగిపోయిన స్లిప్పులు ఇంకా తిరుగుతుంటే హెచ్ఆర్ వారిని ఒక మాట అడగవచ్చు.

ఇప్పుడు పీఎఫ్. తమరు 'పీఎఫ్ 1,800' అని రాసి ఊరుకుంటారు. 12 శాతం అని అందరికీ తెలుసు, దేని మీద 12 అన్నదే తమరు చెప్పరు. 2014 సెప్టెంబరు నుంచి చట్టం తప్పనిసరి చేసిన పరిమితి 15,000. దాని మీద 12 శాతం 1,800. కొన్ని కంపెనీలు అక్కడే ఆగుతాయి, కొన్ని పూర్తి బేసిక్ మీద కడతాయి. పై ఉదాహరణలో పూర్తి బేసిక్ మీద కడితే ఇరువైపులా 3,000 చొప్పున పోయి చేతికి 42,598 వస్తుంది. చూడ్డానికి 2,400 తక్కువ. నిజానికి ఆ 2,400 అంతా ఉద్యోగి పీఎఫ్ ఖాతాలోనే ఉంది. రెండు ఆఫర్లను నెట్ పే చూసి పోల్చేవారిని తమరు ఇలాగే బోల్తా కొట్టిస్తారు.

కంపెనీ వాటా 1,800 కూడా అంతా ఒకే చోటికి పోదు. 15,000 మీద 8.33 శాతం, అంటే 1,250, పెన్షన్ పథకానికి. మిగిలిన 550 మాత్రమే పీఎఫ్ ఖాతాకు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి 'నా వాటా 1,800 ఉంది, కంపెనీది 550 ఏమిటి, మింగేశారా' అని గొడవపడేవాళ్లకు జవాబు ఇదే. పెన్షన్ కాలమ్‌లో ఉన్న డబ్బుకు వడ్డీ రాదు, దాని లెక్క వేరు.

ఇందులో ఓ గోతి ఉంది, చాలామంది ఉద్యోగం మారేటప్పుడు పడేది. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే పీఎఫ్ వేతనం 15,000 దాటినవారికి పెన్షన్ పథకంలో సభ్యత్వం లేదు. వారి విషయంలో కంపెనీ వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే పోవాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు తప్పుపడితే నెలనెలా 1,250 పెన్షన్‌కు పోతూనే ఉంటుంది. ఏళ్ల తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టినప్పుడు గానీ ఆ తప్పు బయటపడదు. అప్పటికి పాత కంపెనీలో ఆ ఫైలు చూసినవారెవరూ ఉండరు. పాస్‌బుక్‌లో పెన్షన్ గడి ఒక్కసారి చూసుకుంటే పోయేదానికి ఇంత యాతన.

ఈఎస్ఐ గారు ఇంకో రకం. వీరు బేసిక్ ఒక్కటే చూసి ఊరుకోరు. నెల వేతనం 21,000 లోపు ఉన్నవారికే వర్తింపు; ఉద్యోగి 0.75 శాతం, కంపెనీ 3.25 శాతం. 20,500 జీతానికి 153.75 వస్తే 154 పట్టుకుంటారు, పైసలు పై రూపాయికే పోతాయి. మే నెలలో జీతం 21,500కి పెరిగిందని సంబరపడితే జూన్‌లోనూ ఈఎస్ఐ కోత కనబడుతుంది. అది తప్పు కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు. మధ్యలో పరిమితి దాటినా ఆ కాలం ముగిసేదాకా కట్టాల్సిందే, వైద్యం కూడా దానికి తగ్గట్టే దొరుకుతుంది. పెరిగిన జీతం మీదే కోత కాబట్టి 162 అవుతుంది. తమరు ఈ ముక్క రెండు పదాల్లో రాయవచ్చు. రాయరు.

వృత్తి పన్ను గారితో పేచీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. రాజ్యాంగం 276వ అధికరణ ఏడాదికి 2,500 మించకూడదని గీత గీసింది కాబట్టి కోటి సంపాదించేవారికీ అదే 200. పోయిందంటే పోయినట్టే. కనీసం నిజాయితీగా పోతుంది.

టీడీఎస్ గారు మాత్రం జ్యోతిష్కులు. ఏప్రిల్‌లోనే మా ఏడాది జాతకం వేసి, మొత్తం పన్నును పన్నెండు భాగాలు చేసి పట్టుకుంటారు. బోనస్ పడిన నెలలో జాతకం తిరగరాస్తారు, ఆ నెల కోత చూసి గుండె గుభేలుమంటుంది. పాత పన్ను పద్ధతి ఎంచుకుని, ఏప్రిల్‌లో ఇంటద్దె, బీమా అంటూ డిక్లరేషన్ ఇచ్చి, జనవరిలో రసీదులు ఇవ్వనివారికి తగ్గుతుందనుకున్న పన్నంతా చివరి రెండు మూడు నెలల మీద పడుతుంది. ఏదీ ఎంచుకోకపోతే కొత్త పద్ధతే దిక్కు. 2025-26 లెక్కన అందులో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను లేదు.

ఉద్యోగం మారినవారికి తమరు చేసే ద్రోహం విడిగా చెప్పుకోవాలి. నెలకు 1,20,000 జీతంతో ఆరు నెలలు ఒక చోట, ఆరు నెలలు ఇంకో చోట అనుకుందాం. మొదటి కంపెనీ ఏడాదికి 88,140 పన్ను లెక్కేసి నెలకు 7,345 చొప్పున 44,070 పట్టుకుంది. రెండో కంపెనీకి కనబడేది ఆరు నెలల 7.2 లక్షలే, పన్ను సున్నా. తమరి మీద టీడీఎస్ గడి ఖాళీ, ఉద్యోగి ముఖం చాటంత. రిటర్న్ వేసేనాటికి మిగతా 44,070, దాని మీద వడ్డీ ఎదురుగా నిలబడతాయి. పాత చోటి జీతం, పట్టుకున్న పన్ను వివరాలు చేరిన నెలలోనే కొత్త కంపెనీకి రాసిస్తే ఇది ఉండదు. 'పాత యజమాని ఆదాయం' అనే గడి తమరిలో ఉంటుందా? ఉన్నా సున్నాతో నిగనిగలాడుతుంది.

ఇక ఎల్ఓపీ. ఒక రోజు సెలవు మించింది, ఆ రోజు జీతం పోయింది, న్యాయమే. ఎంత పోయింది? 46,998ని 31తో భాగిస్తే 1,516. 30తో అయితే 1,567. 26తో అయితే 1,808. ఒకే గైర్హాజరుకు మూడు ధరలు. ఏ అంకెతో భాగించారో కంపెనీ పాలసీలో ఉంటుంది, తమరిలో ఉండదు. ఎల్ఓపీ పడిన నెలలో పీఎఫ్ తగ్గలేదేమని అనుమానం అక్కర్లేదు. ఒక రోజు కోసినా బేసిక్ 15,000 పైనే ఉంది కనుక 1,800 అలాగే నిలుస్తుంది.

'ఇతరములు' అనే గడి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చట్టం ఏయే కోతలు చెల్లుతాయో జాబితా ఇచ్చింది. అన్నీ కలిపినా వేతనంలో సగం దాటకూడదు. జరిమానా అయితే ముందుగా సంజాయిషీ అడగాలి, 3 శాతం మించకూడదు. 'ఇతరములు 1,350' అని ఉంటే అది ఆరోగ్య బీమా ప్రీమియమా, అడ్వాన్సు వసూలా, జరిమానాయా అని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండని తమరి పాఠకులకు మా విన్నపం. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి: తమరి మీద కోత కనబడినంత మాత్రాన డబ్బు చేరినట్టు కాదు. పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి; నెలాఖరుకు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పాస్‌బుక్‌లో ఆ నెల వరస కనబడకపోతే అడగాలి. ఉద్యోగి వాటా కోసి కట్టకపోవడం క్రిమినల్ నేరం. టీడీఎస్ అయితే కంపెనీ మూడు నెలల రిటర్న్ వేశాకే, ఫారం 26ఏఎస్ అని పిలుస్తూ వచ్చిన, ఉద్యోగి పేరున జమైన పన్నుల పట్టికలో కనబడుతుంది, అందుకని కంగారుపడకుండా త్రైమాసికానికోసారి తమరి అంకెలతో సరిచూసుకుంటే చాలు. కంపెనీ కోసి కట్టకపోతే అదే పన్ను మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని చట్టం ఉంది. కోశారనడానికి రుజువు తమరే. అందుకే, ఇంత తిట్టినా, ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌లో దాచుకోమని చెబుతున్నాం. ఉద్యోగం మానిన మర్నాడు ఆఫీసు లాగిన్ పనిచేయదు.

ఇట్లు,
తమరి ఎడమ పక్క నిలబడి కుడి పక్క ఆవిరయ్యే
గ్రాస్ జీతం

తా.క.: డిసెంబరు స్లిప్పులో కొన్నిచోట్ల 'ఎల్‌డబ్ల్యూఎఫ్' అని చిల్లర డబ్బు కోత కనబడుతుంది. కార్మిక సంక్షేమ నిధి అది, తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికొక్కసారే. దాని కోసం హెచ్ఆర్‌తో తగాదా పెట్టుకోకండి. ఆ ఓపిక పెన్షన్ గడి కోసం దాచుకోండి.