భోజనానికి వద్దు, నాలుగింటికి పిలవండి

“ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని భోజనానికి రండి” అన్న పిలుపు వాట్సాప్‌లో ఆరు నెలలుగా అలాగే పడి ఉంటుంది. పిలిచినవాళ్లు మళ్లీ ఎత్తరు, “తప్పకుండా” అన్నవాళ్లు బయల్దేరరు. తీరిక లేదు, ట్రాఫిక్కు, మియాపూర్ ఎక్కడ ఎల్బీ నగర్ ఎక్కడ అన్నవి అరిగిపోయిన సాకులు. ఆ రెండింటి మధ్య మెట్రో తిరగబట్టి ఏళ్లయింది, స్నేహితుల ఇళ్లు మాత్రం దగ్గర కాలేదు. అయిదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాల మధ్య రాకపోకలు ఎండిపోవడానికి నా లెక్కలో కారణం ఒక్కటే: మనం భోజనానికి పిలుస్తున్నాం. ఆ ఒక్క మాటతో వేళ తప్పుతుంది, వంట మీద పడుతుంది, పిల్లల చేతికి ఫోను వెళుతుంది. రెండో పిలుపుకు ఎవరికీ ఓపిక మిగలదు.

ముందు వేళ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఏడాది, రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. పగటి కునుకు అందులో భాగమే. మన ఇళ్లలో ఆ కునుకు పడేది మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య. సరిగ్గా ఆ వేళకే విందు పెట్టుకుంటాం. ఒంటిగంటకన్నది రెండున్నరకు గానీ విస్తట్లోకి రాదు. వచ్చే పిల్ల దారిలో కారులో ఓ ఇరవై నిమిషాలు కళ్లు మూస్తుంది. అది నిద్ర కాదు, నిద్రను చెడగొట్టడం. ఇక పడుకోబెట్టినా పడుకోదు. మూడున్నరకు ఆ అలసటంతా ఒక్కసారి ఏడుపై బయటికొస్తుంది. పెద్దవాళ్లు పేచీ అంటారు, కొత్త చోటంటారు, దిష్టి అని ఉప్పు తిప్పేవాళ్లూ ఉన్నారు. రాత్రి భోజనమైతే మరీ అన్యాయం: ఎనిమిదింటికి పడుకునే పిల్లాణ్ని పదింటికి డెజర్ట్ కోసం కూర్చోబెడతాం.

సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. పిల్లలకు ఒక నిద్ర అయిపోయి, ఇంకో ఆకలి మొదలుకాని వేళ అదొక్కటే. పిలుపులోనే వెళ్లే వేళ కూడా చెప్పేయాలి: “నాలుగింటికి రండి, ఆరున్నరకు మావాడికి స్నానం చేయించాలి.” వచ్చేవాళ్లకు ఇంతకంటే పెద్ద ఊరట లేదు. ఎప్పుడు లేవాలో తెలియక, “ఇక వెళ్లొస్తాం” అన్నాక గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నలభై నిమిషాలు నిలబడే మన అలవాటు వల్ల ఎంతమంది పిల్లలు ఏడుస్తూ ఇల్లు చేరారో లెక్కలేదు. అన్నట్టు, జ్వరం మందు వేయకుండానే తగ్గి 24 గంటలు, వాంతులో విరేచనాలో ఆగి 48 గంటలు కాకుండా పిల్లల్ని ఎవరింటికీ తీసుకెళ్లకూడదు. ఈ మాట రెండు వైపులవాళ్లూ మొహమాటం లేకుండా అడగాలి. మూడు వారాల ముందు తలపెట్టి, చికెనూ మటనూ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్న విందును ఎవరూ వాయిదా వేయరు. నాలుగింటి టీని అయితే వాయిదా వేస్తారు.

టీతో పాటు ఏం పెట్టాలి? బెల్లు మోగాక టీ తప్ప ఇంకేదీ పొయ్యి ఎక్కకూడదు, అంతే. పెసరట్టు, పూరీ, మిరపకాయ బజ్జీ అన్నీ గొప్పవే, కానీ పెనం దగ్గర ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. స్నేహితురాలు వచ్చి వెళ్లేదాకా వంటింటి గడప నుంచే “తిను, ఇంకోటి వేస్తున్నా” అంటూ ఉంటుంది. పులిహోరకు ఆ బాధ లేదు. రెండు గ్లాసుల బియ్యం, గ్లాసుకు గ్లాసుముప్పావు చొప్పున నీళ్లు. రెండేసి పోస్తే ముద్దవుతుంది. అరవై గ్రాముల చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించాలి. అన్నం వెడల్పాటి బేసిన్‌లో పరిచి, పసుపూ రెండు చెంచాల నూనే వేసి, ఆవిరి పోయాకే గుజ్జు కలపాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పోపు వేయకముందే పిల్లల వాటా పక్కకు తీసేయాలి. పోపు పడ్డాక అందులోంచి పల్లీలూ శనగపప్పు పలుకులూ ఏరి పెట్టడం ఎవరి వల్లా కాదు, ఒకటి మిగిలిపోతుంది.

ఆ మిగిలిన ఒక్కటే ప్రమాదం. దవడ పళ్లు పూర్తిగా రాని పిల్లలు గట్టి గింజను నమలలేరు, దొర్లించుకుంటారు. నవ్వుతూనో పరిగెడుతూనో ఊపిరి పీలిస్తే అది గాలిగొట్టంలోకి పోతుంది. టీపాయ్ మీద గిన్నెలో పోసిన మిక్స్‌చర్, జీడిపప్పు, ఉడికించిన శనగలు, పాప్‌కార్న్ అన్నీ రెండేళ్లవాడి నోటి ఎత్తులోనే ఉంటాయి. అతిథి మర్యాద కోసం పెట్టే ఆ గిన్నెలు డైనింగ్ టేబుల్ మధ్యకు పోవాలి. ద్రాక్షపండును నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా కోస్తే మిగిలేది గుండ్రటి బిళ్లే, గొంతుకు సరిగ్గా మూతలా బిగుస్తుంది. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాసే పెద్దవాళ్లుంటే చేయి పట్టుకుని ఆపాల్సిందే.

ఇల్లు సర్దడం మీద పెట్టే రెండు గంటల్లో పది నిమిషాలు కింద కూర్చుని చూడడానికి కేటాయిస్తే చాలు. పరుపుల దుప్పట్లు ఎవరూ చూడరు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. బాత్రూంలో నీళ్లు నిండిన బకెట్టు: తల బరువుగా ఉండే ఏడాదిన్నర పిల్ల ముందుకు వాలితే తిరిగి లేవలేదు, కాబట్టి వంచి బోర్లించాలి. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, పూలకుండీ: రెయిలింగు ఎంత ఎత్తున్నా కుర్చీ పక్కనుంటే ఆ ఎత్తు లేనట్టే. ప్లగ్గుకు తగిలించిన దోమల మందు సీసా. వెనక మూత ఊడిన రిమోటు, అందులోని నాణెం బ్యాటరీ: మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చగలదు, పడుకుంటే తగ్గే విషయం కాదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి. వీటన్నిటికంటే ఎక్కువ మరిచిపోయేది వచ్చినవాళ్ల హ్యాండ్‌బ్యాగు. సోఫా మీద జిప్పు తీసి ఉంటుంది. అందులో అత్తగారి బీపీ మాత్రలు, చిల్లర, శానిటైజరు. గుమ్మంలోనే తీసుకుని బీరువాపైన పెట్టేయాలి. టీ కప్పులు టీపాయ్ మీద వద్దు. పోసిన పావుగంట దాకా ఆ టీ పసిచర్మాన్ని కాల్చేంత వేడిగానే ఉంటుంది.

ఇక అసలు తగువు, బొమ్మల దగ్గరిది. మన మర్యాదల్లో నాకు ఏమాత్రం గిట్టనిది ఇదే. వచ్చిన పిల్ల ఎర్ర మూడుచక్రాల సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటుంది. ఇంటి పిల్లాడు “నాది” అని అరుస్తాడు. వెంటనే తల్లి, “ఇచ్చెయ్ నాన్నా, చెల్లి కదా, నువ్వు అన్నయ్యవు కదా!” అంటుంది. ఆ అన్నయ్యకు రెండున్నరేళ్లు. పొద్దున్నుంచీ వాడి ఇంట్లో వాడికి తెలియని హడావిడి, ఎవరో వచ్చి వాడి సైకిల్ ఎక్కారు, వాళ్లమ్మ వాళ్ల పక్షాన చేరింది. వాడు కొడతాడు, లేదా కొరుకుతాడు. అప్పుడు వాడికి పడే పేరు “మొండివాడు”. ఆ పేరు పెట్టింది పిల్లలా, పెద్దల పరువా?

ఇది పెంపకం లోపం కాదు, వయసు తీరు. 1932లోనే అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల ఆటను గమనించి వర్గీకరించింది. చిన్నవాళ్లు కలిసి ఆడరు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు. వంతులూ పొత్తులూ ఆ తర్వాతి మెట్టు. తనది ఏదో తేలాకే బిడ్డకు ఇవ్వడం తెలుస్తుంది. తేలకముందే లాక్కుంటే పిల్లాడు నేర్చుకునేది దానం కాదు, అతిథులొస్తే తన వస్తువులు పోతాయన్న సంగతి. తర్వాత బెల్లు మోగితే సైకిల్ పట్టుకుని మంచం కిందికి దూరుతాడు.

ముందుగా చేయాల్సింది చాలా చిన్నది. వాళ్లు రాకముందే పిల్లాణ్ని అడగాలి: “ఎవరికీ ఇవ్వనివి ఏవి?” వాడు చూపించిన రెండు మూడు వస్తువులు వాడి ముందే బీరువాలో పెట్టి తాళం వేయాలి. మిగిలినవాటిలో ఒక్కటే ఉన్న వస్తువు బయట పెట్టకూడదు. సైకిల్, బ్యాటరీ కారు లోపలికి. బయట ఉండాల్సినవి పంచుకోవాల్సిన అవసరమే రానంత పుష్కలంగా ఉండాలి: ఓ యాభై బ్లాకులు, అట్టపెట్టెలు, స్టీలు డబ్బాలూ మూతలూ, చెరో ముద్ద చపాతీ పిండి. రెండు కప్పుల గోధుమపిండి నలుగురు పిల్లలకు సరిపోతుంది. చేతికి అంటుకుంటే ఏడుస్తారు కనుక చెంచా నూనె వేసి గట్టిగా కలపాలి. వచ్చేవాళ్లు తమ పిల్లవి రెండు బొమ్మలు తెస్తే మారకం మొదలవుతుంది, దానికి పెద్దవాళ్ల తీర్పు అక్కర్లేదు. వచ్చిన ఏడేళ్లవాడి జేబులో గోలీలుంటే మాత్రం తీసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు పెట్టే పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పట్టేసే ముక్క ఏదైనా పనికిరాదు. గోలీ అందులో దాదాపు సగమే ఉంటుంది. పెద్దవాళ్లు కుర్చీల్లో కాకుండా చాప మీద, పిల్లల మధ్యలో కూర్చుంటే సగం తగువులు పుట్టవు. చేయి లేచేలోపే మరో చేయి అందుతుంది.

ఫోను గురించి ఉపన్యాసాలు చాలానే విన్నారు. అదే 2019 మార్గదర్శకాలు రెండేళ్లలోపు తెర వద్దన్నాయి, నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దన్నాయి. అందరికీ తెలుసు, అయినా ఇస్తారు. ఇవ్వక ఏం చేస్తారు? వడ్డన, భోజనం, పళ్లేలు, తాంబూలం కలిపి నాలుగు గంటల కార్యక్రమంలో నిద్ర చెడిన పిల్లలను నిశ్శబ్దంగా ఉంచే సాధనం ఇంకేముంది? తల్లిదండ్రులను తిట్టడం తేలిక. తిట్టాల్సింది కార్యక్రమాన్ని.

“ఇంటికొచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టకుండా పంపితే ఏమనుకుంటారు?” అని అడిగేవాళ్లున్నారు. దూరాభారం నుంచి వచ్చే బంధువులకు, పండక్కొచ్చిన అల్లుడికి ఆ మాట నిజం, పెట్టండి. మాల్‌లో ప్లే జోన్‌లోనే కలుద్దాం, ఎవరికీ శ్రమ ఉండదు అనేవాళ్లూ ఉన్నారు. అక్కడి మైకు హోరులో, టైము అయిపోయిందన్న పిలుపుల మధ్య ఇద్దరు పెద్దవాళ్లు ఒక వాక్యం పూర్తి చేసి చూపించమనండి.

అసలు మనకు భోజనం అనే సాకు ఎందుకు కావలసి వచ్చింది? దీనికి జవాబు వంటింట్లో లేదు, ఇంటి ముందు ఉంది. ఉండేది. వీధిగుమ్మానికి ఇరుపక్కలా మోకాలెత్తు అరుగు. దాని మీద కూర్చున్నవాళ్లు ఇంటికొచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు. ఎవరూ పిలవక్కర్లేదు, ఏమీ పెట్టక్కర్లేదు, మంచినీళ్లడిగితే చెంబు వస్తుంది. లోపలి గదులు ఎలా ఉన్నా ఎవరికీ కనబడవు. పిల్లలు కళ్లెదుటే వాకిట్లో ఆడతారు, ఏడాదిన్నరవాడు ఆ ఎత్తు ఎక్కుతూ దిగుతూ గంట గడుపుతాడు. అరుగు మీద పూటకు పావుగంట చొప్పున సాగిన స్నేహానికి లంచ్ మెనూ అవసరం పడలేదు. అరుగు మీద కులం చూసి కూర్చోనిచ్చిన ఊళ్లున్నాయి, అది మరిచిపోమని కాదు. ఎవరైనా కూర్చోగల అరుగు కట్టుకునే అవకాశం నగరంలో వచ్చింది. మనం కట్టింది లిఫ్టు.

ఫ్లాట్‌లో నడిమి చోటు లేదు. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, యాప్‌లో అనుమతి. ఆపైన తలుపు తీస్తే నేరుగా హాలు. ఇంత దాటుకుని వచ్చిన మనిషికి ఊరికే కూర్చుని పోయే వీలు మనసుకు తోచదు, రాకకు తగ్గ కారణం చూపించాలి. ఆ కారణమే భోజనం అయింది. కొన్ని అపార్ట్‌మెంట్లలో కింద పిల్లల ఆటస్థలంలోకి బయటి పిల్లలకు ప్రవేశం లేదని బోర్డు కూడా ఉంటుంది. స్నేహితుడి కూతురు బయటి పిల్ల అట! కారిడార్‌లో సైకిల్ తొక్కితే చప్పుడని ఫిర్యాదు, సెల్లార్‌లో ఆడితే కార్లకు గీతలని ఫిర్యాదు. రెండు బెడ్‌రూముల ఇంట్లో నలుగురు పిల్లలు రెండు గంటలు ఎక్కడ తిరగాలి?

నిబంధనలు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168 నంబరు జీవో, 750 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 5 శాతాన్ని పిల్లల ఆటస్థలానికో పచ్చదనానికో విడిచిపెట్టాలంది. ఆ చోటు కనీసం 3 మీటర్ల వెడల్పు, ఒక్కోచోట కనీసం 15 చదరపు మీటర్లు ఉండాలంది. పదిహేను చదరపు మీటర్లంటే ఓ మోస్తరు పడకగదికి కాస్త ఎక్కువ. అక్కడ మోకాలెత్తు సిమెంటు గట్టు ఒకటి, నీడకు ఓ కానుగ చెట్టు, పక్కన ఓ బండెడు ఇసుక వేయిస్తే నాలుగింటి టీ ఫ్లాస్కులో పోసుకుని కిందికే తెచ్చుకోవచ్చు. ఏ ఇంటి హాలూ సర్దక్కర్లేదు. అసోసియేషన్ సమావేశాల్లో సీసీ కెమెరాల మీద గంట సాగే చర్చలో పది నిమిషాలు ఈ గట్టుకు అడగండి. మంజూరైన ప్లాను కాపీ ఆఫీసు బీరువాలో ఉంటుంది. అందులో ‘టాట్‌లాట్’, అంటే చిన్నపిల్లల ఆటస్థలం, అని గీసిన మూల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లి చూడండి, జనరేటరు ఉందో, ఎవరి రెండో కారు ఉందో.