పెళ్లి చెడితే కాలువ పుట్టింది

పారిశ్రామిక విప్లవం ఎందుకొచ్చిందని స్కూలు పిల్లల్ని అడిగితే ఆవిరి యంత్రం, నూలు మిల్లులు, వలసల సొమ్ము అని గడగడా అప్పజెప్పేస్తారు. అంతా తప్పు. నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని పరిశోధించి తేల్చిందేంటంటే, అది ఒక పెళ్లి చెడిపోవడం వల్ల వచ్చింది.

పెళ్లికొడుకు ఫ్రాన్సిస్ ఎగర్టన్, బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్, వయసు 22. 1758లో ఎలిజబెత్ గన్నింగ్ అనే, లండన్ మొత్తం తల తిప్పి చూసిన అందగత్తెతో సంబంధం ఖాయమైంది. ఆవిడ అక్క గురించి ఊళ్లో ఏవో మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి అక్కతో రాకపోకలు మానెయ్యమన్నాడట వరుడు గారు. ఆవిడ అక్కని ఉంచుకుని వరుణ్ణి మానేసింది. మన దగ్గరైతే ఇలాంటప్పుడు గడ్డం పెంచి సీసా ఎత్తుతారు. ఆయన మాత్రం మాంచెస్టర్ పక్కన వర్స్‌లీలో తన బొగ్గు గనుల దగ్గరికి పోయి కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. కాలువకి అక్కచెల్లెళ్లుండరు, సంబంధం కుదిరింది.

గనుల్లో రెండు తలనొప్పులు. ఎంత తోడినా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తవ్విన బొగ్గు గుర్రాల మీద, గతుకుల దారిలో మాంచెస్టర్ చేరేసరికి ధర కొండెక్కుతుంది. గనిలో ఊరే ఆ నీళ్లనే కాలువలోకి వదిలి, దాని మీదే బొగ్గు పంపితే పోలా అన్నది డ్యూక్ ఎస్టేటు చూసే జాన్ గిల్బర్ట్ బుర్ర. పేరు మాత్రం ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా?

ఇక ఇంజనీరు. జేమ్స్ బ్రిండ్లీ, మరలూ నీటిచక్రాలూ బాగుచేసుకునే మేస్త్రి. రాయడం, చదవడం అంతంతమాత్రం. చిక్కు సమస్య వస్తే మంచమెక్కి, తేలేదాకా దిగేవాడు కాదట. ఇవాళ ఈ పని నేను చేస్తే మా మేనేజర్ వేరే పేరు పెడతాడు. కాలువని ఇర్వెల్ నది మీదుగా, 12 మీటర్ల ఎత్తున వంతెన కట్టి దాటిస్తానన్నాడు. గాలిలో మేడలంటే విన్నాను గానీ వాటికి స్థలం చూపించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని ఒక పెద్ద ఇంజనీరు నవ్వాడట. బ్రిండ్లీ దగ్గరున్న రహస్యం బంకమట్టి. మట్టిగోడ పెట్టేవాళ్లు చేసినట్టే, నీళ్లు పోసి, మెత్తగా జిగురొచ్చేదాకా తొక్కి తొక్కి, కాలువ అడుగునా పక్కలా పొరలు పొరలుగా పరిచారు. చుక్క కారలేదు. 1761 జులై 17న కింద నదిలో పడవలు, పైన కాలువలో పడవలు! చూడ్డానికి జనం తిరణాలకి వచ్చినట్టు వచ్చారు. మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడింది. (ఇంగ్లండ్‌లో మొదటి కాలువ మాదే అని సాంకీ కాలువ తరఫు వాళ్లు ఇప్పటికీ అంటారు. అననివ్వండి, దాని వెనక ప్రేమకథ లేదు.)

గనుల్లోపల కూడా కాలువలే. పెరిగి పెరిగి 70 కిలోమీటర్లు దాటాయి, అన్నీ చీకట్లో. అక్కడ తిరిగే సన్నటి పడవలకి పక్కటెముకల్లా చెక్కలు బయటికి కనిపించేవని ‘ఆకలిగాళ్లు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు పడవలకే పెట్టారు లెండి, తోసేవాళ్లకి కాదు.

డ్యూక్ గారికీ కష్టాలున్నాయి, కాదనను. కాలువని మెర్సీ నది దాకా పొడిగించడానికి 1765లో బ్యాంకు దగ్గర 25,000 పౌండ్లు అప్పు చేశాడు. సొంత ఖర్చు ఏడాదికి 400 పౌండ్లకి కుదించుకున్నాడట. చదువుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాత పనివాళ్లకి ఏడాదికి ఎంతొస్తుందో లెక్కేసుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఇంత త్యాగమూర్తికి పనివాళ్లు చేసిన ద్రోహం చూడండి. మధ్యాహ్నం భోజనానికి 12 గంటలకి గడియారం 12 కొట్టగానే టంచనుగా వెళ్లేవాళ్లు. తిరిగి రావాల్సింది ఒంటిగంటకి. రారు. అడిగితే, అయ్యా, 12 దెబ్బలంటే చెవిన పడతాయి గానీ ఒక్క దెబ్బ ఎక్కడ వినపడుతుంది అన్నారట. డ్యూక్ ఎవర్నీ తిట్టలేదు. గడియారాన్ని సరిచేయించాడు. ఆ రోజు నుంచి ఒంటిగంటకి అది 13 కొట్టడం మొదలుపెట్టింది. బయోమెట్రిక్ కనిపెట్టింది సిలికాన్ వ్యాలీ వాళ్లని ఎవరన్నా అంటే నమ్మకండి.

1803లో ఆయన పోయాడు, పెళ్లి చేసుకోకుండానే. 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ మధ్య రైలొచ్చింది. ఇర్వెల్ నది మీది ఆ వంతెనని 1893లో, ఇంకా పెద్ద ఓడల కాలువకి అడ్డమని పడగొట్టారు. గనులు ఎప్పుడో మూసేశారు. వాటిలోంచి వచ్చే తుప్పు నీళ్లకి వర్స్‌లీ దగ్గర కాలువ చాలాకాలం నారింజరంగులో పారింది.

గడియారం మాత్రం ఇప్పుడు ఆ ఊరి చర్చిలో ఉంది, పక్కనుంచే మోటార్‌వే పోతుంది. గనికి తిరిగి వెళ్లాల్సినవాడు ఒక్కడూ లేకపోయినా, ఒంటిగంటకి 13 కొడుతూనే ఉంది.